కొండ పిగిలి కొరికిన పండు

కొండ పిగిలిని చూడాలనుకునేవాడు ముందు దాన్ని వెతకడం మానుకోవాలి. మన అడుగు బండ మీద పడిందో లేదో, అది కొండవాలు వెంట కిందికి జారుకుని రాళ్ళ సందున ఏదో పొదలో దూరి కూర్చుంటుంది. పెరట్లో జామచెట్టు మీద వాలి మన మొహంలోకి తేరిపార చూసే మామూలు పిగిలిపిట్టకూ దీనికీ చుట్టరికమే గాని స్వభావం కలవదు. తలా గొంతూ పసుపు పూసినట్టుంటాయి. తక్కిన ఒళ్ళంతా ఎండిన నాచు పట్టిన బండ రంగు. ఎదురుగా కూర్చుని ఉన్నా కనబడదు. ఎగిరిపోయిన తర్వాత, అరే, ఇందాకటి నుంచీ ఇక్కడే ఉందే అనుకుంటాం. మనకు దొరికేది దాని గొంతొక్కటే. మూతి చిన్నదైన కూజాలోంచి నీళ్ళు వంచినట్టు గబగబా ఒక ముక్క పాడి ఊరుకుంటుంది. మళ్ళీ ఎప్పుడు పాడుతుందో దానిష్టం.

ఈ సంగతులు నేను చదివి చెప్పడం లేదు. ఒక పండు కోసం నేర్చుకున్నాను. అదీ నా కోసం కాదు.

నేను గుడియాత్తం రేంజిలో ఫారెస్టు గార్డుగా చేరి, ఆ కొండల్లోనే మోకాళ్ళు అరగదీసుకుని, ఇప్పుడు వేలూరులో పింఛను తింటున్నాను. కొత్తగా చేరిన కుర్ర గార్డులు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తారు. కూర్చోగానే పులి గురించి అడుగుతారు. పులిని నేను ఉద్యోగంలో ఒక్కసారే చూశాను. అది నన్ను చూడలేదు, కాబట్టే మీతో ఈ మాట చెప్పగలుగుతున్నాను. ఆ కథ అంతే. మీరు విని ఇంటికి పట్టుకుపోదగ్గది నా దగ్గర ఇదొక్కటే ఉంది. ఇందులో జంతువులు లేవు. ఒక పిట్ట, ఒక గార్డు, ఆయన భార్య, వాళ్ళ పాప. మధ్యలో నేను.

ఆ గార్డు నాకంటే చాలా ముందు చేరినవాడు. మాదీ ఆయనదీ ఒకటే వీధి, సాలెవాళ్ళ వీధి. మిల్లుగుడ్డ వచ్చి మగ్గాలకు పని తగ్గాక, పెద్దలు మిగిలిన మగ్గాల దగ్గర కూర్చుంటే మాలాంటి వాళ్ళం దొరికిన కొలువుల్లోకి చెదిరిపోయాం. నన్ను రేంజరు దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టింది ఆయనే. అన్నా అని పిలిచేవాణ్ణి. పొడుగాటి మనిషి, మాట మెత్తన. రిజర్వు అడవిలో కట్టెలు కొట్టే ఆడవాళ్ళు కనబడితే ఆయన ముందుగా గట్టిగా దగ్గేవాడు. వాళ్ళు మోపు వదిలేసి పారిపోయేదాకా ఆగి, తర్వాత వెళ్ళి పట్టుకునేవాడు. మోపును. మా రేంజరు ఈ పద్ధతి మీద ఎన్నోసార్లు మండిపడ్డాడు గాని ఫలితం లేదు.

ఆయనకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ నిలవలేదు. మూడోది ఈ పాప. ఆరోగ్యంగా ఉండేది, చక్కగా నవ్వేది, ఎవరిని చూసినా చేతులు చాచేది. నాలుగేళ్ళు దాటినా మాట రాలేదు. వీధిలో వాళ్ళందరూ తలా ఒక పిల్లవాడి పేరు చెప్పి, వాడికీ ఆలస్యంగానే వచ్చిందని సముదాయించేవాళ్ళు. ఆయన విని తల ఊపేవాడు. తర్వాత కొండ మీద నాతో నడుస్తూ, ఏ సంబంధమూ లేకుండా, 'దానికి పేచ్చు వస్తే చాలప్పా. నాకు ఇంగేమీ వొద్దు' అనేవాడు.

మాటలు రాని పిల్లకు చిలక కొరికిన పండు పెట్టడం మీకందరికీ తెలిసిందే. అది ఒక ఏడంతా పెట్టారు. ఊళ్ళో చిలకలు కొరికిన జామకాయలన్నీ ఆ ఇంటికే చేరాయి. ఫలితం కనబడకపోయేసరికి, ఆ వీధి పురుళ్ళన్నీ పోసే మంత్రసాని అవ్వ ఒక రోజు తీర్పు చెప్పింది.

'చిలక ఏముందప్పా, మనం నేర్పిన మాటే అది అంటాది. దానికి సొంత మాట యాడుండాది? కొండ పిగిలి కొరికిన పండు తెచ్చి పెట్టు. అది ఎవురి దగ్గరా నేర్చుకోలేదు. కింద పడిన పండు పనికిరాదు. మన్ను తగలకూడదు. ఆ పొద్దే తినిపించాల.'

దొరకని మందు మీద మనిషికి గురి ఎక్కువ. అవ్వకు ఆ సంగతి బాగా తెలుసనుకుంటాను.

ఆ రోజు నుంచీ అన్నకు కొండంటే ఆ పిట్ట. నేను పక్కనే తిరుగుతుండేవాణ్ణి కాబట్టి నాకూ తప్పలేదు. మొదట్లో మేము చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. ఏ చెట్టు మీద సగం తిన్న పండు కనబడితే అది కోసి, తలగుడ్డలో కట్టుకుని, ఎండలో పరుగున ఊరు చేరేవాళ్ళం. అవి చాలావరకు ఉడతలు తిన్నవి. ఉడత కొరికితే అంచు గీరుకుపోయి పళ్ళ గుర్తులు పడతాయి. పిట్ట పొడిస్తే ముక్కు మొన దిగినట్టు కోసుగా గుంట పడుతుంది. గబ్బిలమైతే నమిలి పిప్పి ఉమ్మేస్తుంది. ఈ తేడా మాకు తెలిసేలోపల ఆ పసిది ఎన్ని ఉడతల ఎంగిలి తిన్నదో దేవుడికే తెలియాలి.

తర్వాత పిట్టను నేర్చుకోవడం మొదలుపెట్టాం. అది ఎక్కడ పడితే అక్కడ ఉండదు. ఒట్టి అడవి చాలదు, ఒట్టి బండ చాలదు. ఇళ్ళంతేసి గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి, వాటి సందుల్లో ముళ్ళపొదలూ జువ్విచెట్లూ మొలిచిన వాలు కావాలి. కిందనే చదునులో పండ్లు విరగకాసినా దిగిరాదు. జంటగా తిరుగుతుంది. ఒకటి పొదలో ఉంటే రెండోది పిలుపు దూరంలోనే ఉంటుంది. బలుసుపండును ఒక్క గుటకలో మింగేస్తుంది, దాంతో మాకు పని లేదు. జువ్విపండు దాని నోటికి పెద్దది. ఒక పక్క పొడుచుకుని తిని, తక్కినది కొమ్మకే వదిలేసి పోతుంది. మాకు కావలసింది అది.

కొండ నడుమ ఒక దొన ఉండేది. బండలో గుంట పడి వాననీళ్ళు నిలిచే చోటును మేము దొన అంటాం, అరవంలో సునై అంటారు. వేసవిలో తక్కిన దొనలన్నీ ఎండిపోయినా అందులో దోసెడు నీళ్ళు మిగిలేవి. ఎండ బాగా ముదిరినప్పుడు ఆ జంట అక్కడికి వచ్చేది. ముందు ఒకటి వచ్చి గుండు అంచున కూర్చుని నాలుగు దిక్కులూ చూసి, గొంతు విప్పేది. అప్పుడు రెండోది దిగేది. నీళ్ళు తాగి, రెక్కలు తడుపుకుని, పక్కనే ఉన్న జువ్విచెట్టు మీదికి పోయేవి. ఆ చెట్టు కింద అన్న తన తలగుడ్డను విప్పి, నాలుగు పొదలకు నాలుగు చెరగులు కట్టి, మగ్గానికి పడుగు దారాలు సాచినట్టు బిగించి పెట్టేవాడు. పొడిచిన పండు రాలితే మన్ను తగలకుండా గుడ్డలో పడాలని. తర్వాత ఇద్దరం ఒక బండ వెనక నక్కి కూర్చునేవాళ్ళం. సర్కారు జీతంతో.

రేంజరు ఒకసారి చెప్పకుండా కొండెక్కి వచ్చి మమ్మల్ని ఆ స్థితిలోనే పట్టుకున్నాడు. కోపిష్టి మనిషి, అరవదేశం నుంచి వచ్చినవాడు. మాతో కలిసి తిరిగి తెలుగు నేర్చాడు.

'ఏమప్పా, రిజర్వుకు కావలి కాస్తా ఉండావా, లేకుంటే జువ్విపండ్లకా?'

అన్న లేచి నిలబడి, దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను ఇద్దరి ఉద్యోగాలూ పోయినట్టేనని నిశ్చయం చేసుకున్నాను. రేంజరు కాసేపు ఆ గుడ్డ వంక చూశాడు. తర్వాత నా వంక తిరిగి, నా ఇత్తడి బిళ్ళ సరిగా తోమలేదని తిట్టి దిగిపోయాడు. ఆ నెలలో గార్డులు తిరిగే బీట్లు మార్చినప్పుడు దొన ఉన్న ఆ వాలంతా అన్న బీటులోకి వచ్చింది. ఎందుకు మార్చాడో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

ఆ వేసవి అంతా పండ్లు చేరుతూనే ఉన్నాయి. అన్న కొండ దిగివచ్చే తీరు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. కౌండిన్య ఏటి ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని, రెండో చేతిలో ఆకుదొన్నె గుండెకు ఆనించుకుని, చిన్నపిల్లవాడిలాగా నడిచేవాడు. వాకిట్లో వదిన నీళ్ళచెంబుతో నిలబడి ఉండేది. పాప పండు తిని, వేళ్ళు నాకి, ఇంకా కావాలని చెయ్యి చాచేది. ఆయన దాని నోటి వంకే చూస్తూ కూర్చునేవాడు. వదిన ఆయన వంక చూస్తూ ఉండేది. నాకు అప్పుడు అందులో ఏమీ తోచలేదు.

మాట మాత్రం రాలేదు. మళ్ళీ అవ్వ దగ్గరికి పోతే, పండు ఎండలో అంతదూరం వచ్చేసరికి దాని బలం పోతోందని చెప్పింది. 'బిడ్డనే తీసకపో. పిట్ట పాడతా ఉండంగా పండు తింటే, పండుతో పాటు గొంతు కూడా లోపలికి పోతాది.'

వదిన రాగిసంగటి మూట కట్టి ఇచ్చింది. పాపను ఒకరి తర్వాత ఒకరం భుజాన మోసుకుంటూ తెల్లవారుతూనే కొండెక్కాం. అది అంతకుముందు ఊరు దాటి ఎరగదు. దారిపొడుగునా కనబడిన ప్రతిదాన్నీ వేలితో చూపించి మా మొహాలు చూసేది. అన్న అన్నిటికీ పేర్లు చెబుతూ వచ్చాడు. ఇది తంగేడమ్మా, ఇది బలుసమ్మా, అదిగో ఆ గుండు మీద తొండ చూడు.

గుడ్డ కట్టి, బండ వెనక కూర్చున్నాం. పాపను నీడలో ఒక మెత్తని చోట దించాం. అది మాకు వీపు పెట్టి, రాలిన జువ్విగింజలు ఏరుకుంటూ కూర్చుంది. ఎండ ముదిరింది. గాలి లేదు. ఆకు కదిలితే వినబడే నిశ్శబ్దం. చాలాసేపటికి ఒక పిగిలి వచ్చి, దొన మీది గుండుకు కాదు, సరిగ్గా మా నెత్తి మీది కొమ్మకు వాలింది. అంత దగ్గరగా నేను దాన్ని అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పసుపు గొంతు ఉబ్బడం కనబడింది. పాడింది. ఆ గొంతు బండలకు తగిలి మా చుట్టూ తిరిగింది.

నేను పిట్టను చూశాను. అన్న పిల్లను చూశాడు.

పాప గింజలు ఏరుకుంటూనే ఉంది.

పిట్ట మళ్ళీ పాడింది. రెండోది పక్క పొదలోంచి బదులు పలికింది. పాప తల ఎత్తలేదు. అన్న మెల్లగా లేచి, దాని వెనకకు నాలుగడుగులు పోయి, 'అమ్మా' అన్నాడు. పిట్టలు రెండూ లేచిపోయాయి. 'అమ్మా' అని గట్టిగా అన్నాడు. తర్వాత కేక పెట్టాడు. కొండ అవతలి నుంచి ఆ కేక తిరిగి వచ్చింది. పాప ఒక గింజను గోటితో చీల్చి లోపలేముందో చూస్తూ ఉంది.

ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

'ఇంట్లో పిలిస్తే తిరిగేది కదప్పా. మగ్గం నిలబడిపోతే తల తిప్పి చూసేది. నువ్వూ చూసినావు కదా.'

చూశాను. వీధి మొత్తం చూసింది. మీకు మగ్గాల వీధి తెలియకపోతే ఇది చెప్పాలి. మావి గుంట మగ్గాలు, నేలలోనే పాతి ఉంటాయి. పేక సరిచేసే దెబ్బ పడినప్పుడల్లా ఇల్లంతా కింద నుంచి అదురుతుంది. పని తగ్గినా ఇంటికో మగ్గం ఆడుతూనే ఉండేది, వీధి పొడుగునా అంతే. ఆ మోతలో నోటి మాట పనికిరాదు. మా వీధిలో మనిషిని పిలవాలంటే కాలితో నేల తడతాం. అన్నం వేళైందని చేత్తో చూపిస్తాం. బేరం కూడా వేళ్ళతోనే తెగుతుంది. అలాంటి వీధిలో పుట్టిన బిడ్డ, నేల తడితే తిరిగింది, చెయ్యి చూపితే వచ్చింది, మగ్గం ఆగితే చూసింది. వేరే ఏ వీధిలో పుట్టినా ఆరు నెలల్లో తెలిసిపోయేది. మాలో ఎవరికీ తెలియలేదు. మాట రాలేదనే చూశాం గాని, మాట చేరలేదని అనుకోలేదు.

అన్న ఏడ్చాడు. చేతులు మొహానికి అడ్డం పెట్టుకోకుండా, నన్ను చూస్తూనే ఏడ్చాడు. నాకు ఏం చేయాలో తోచక దొన దగ్గరికి పోయి నీళ్ళు తెచ్చాను. తిరిగి వచ్చేసరికి గుడ్డలో, ఎప్పుడు రాలిందో, ఒక పండు పడి ఉంది, ఒక పక్క కోసుగా పొడిచింది. ఆయన దాన్ని తీసి, ధూళి లేకపోయినా ఊది, పాప దగ్గరికి పోయి దాని ముందు కూర్చుని నోట్లో పెట్టాడు. పాప నవ్వింది. దిగేటప్పుడు ఆయన దేనికీ పేరు చెప్పలేదు. పాప వేలు చూపిస్తూనే ఉంది.

తర్వాత నెలలో సెలవు పెట్టి, పాపకు గజ్జి మందు ఇప్పిస్తానని ఇంట్లో చెప్పి, నన్ను వెంటబెట్టుకుని పాపను వేలూరు తీసుకుపోయాడు. కాట్పాడిలో రైలు దిగి జట్కా మాట్లాడుకున్నాం. ఆడవాళ్ళకూ పిల్లలకూ చూసే ఆసుపత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. తెలుగు తెలిసిన నర్సమ్మ పక్కన నిలబడి చెప్పేది. డాక్టరమ్మ రెండు కాళ్ళ ఉక్కుముక్క ఒకటి మోకాటికి తట్టి, మోగుతుండగా పాప చెవి పక్కన పెట్టింది. పాప డాక్టరమ్మ గొలుసు చూస్తూ ఉంది. మళ్ళీ తట్టి ఈసారి చెవి వెనక ఎముకకు ఆనించింది. పాప భుజాలు ముడుచుకుని కిలకిలా నవ్వింది. అన్న కుర్చీలోంచి లేచిపోయాడు.

'వినబడింది. వినబడింది కదమ్మా.'

నర్సమ్మ డాక్టరమ్మ మాట వినేదాకా ఆగి, తన చేత్తో ఆయన చేతిని పట్టుకుంది. 'అది వినడం కాదయ్యా. ఒంటికి అదురు తెలిసింది, అంతే. పుట్టుకతోనే లేదు. మందుతో వచ్చేది కాదు.' తర్వాత ఇంకొక మాట కూడా చెప్పింది. దక్షిణాన, రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ పోతే, చెవిటిపిల్లల బడి ఒకటుంది. చదవడం, రాయడం, పెదవులు చూసి మాట గుర్తుపట్టడం నేర్పుతారు. తిండీ పడకా వాళ్ళవే. ఏడేళ్ళు దాటితే చేర్చుకోరు. అప్పటికి పాపకు ఆరు నడుస్తున్నాయి.

పాలారు వంతెన మీద జట్కాలో, పాప ఆయన ఒళ్ళో నిద్రపోయింది. ఏట్లో నీళ్ళు లేవు. ఇసుక మీద చాకళ్ళు బట్టలు ఆరేసి ఉన్నారు. అన్న వాటి వంక చూస్తూ అన్నాడు.

'మీ వదినకు ఇది చెప్పొద్దు.'

'బడి సంగతన్నా చెప్పాల కదన్నా.'

'బడి సంగతి చెప్తే చెవుల సంగతి చెప్పాల. ఇద్దురు బిడ్డలు పోయిన మనిషప్పా. ఈ బిడ్డకు ఏదో ఒక పొద్దు మాట వస్తాదని బతుకుతా ఉండాది. నేను పండు పట్టుకొని వస్తానని వాకిట్లోనే నిలబడుకోనుంటాది. దానికి ఇంగ రాదని నా నోట్తో ఎట్ల చెప్పేది? నువ్వు కూడా చెప్పనని నాకు మాటియ్యి.'

ఇచ్చాను. ఆయన నాకు కొలువు ఇప్పించినవాడు, నాకంటే పెద్దవాడు, ఆ పిల్ల తండ్రి. మీరైనా ఇచ్చి ఉండేవాళ్ళే.

ఆ మరుసటి వేసవిలో కూడా ఆయన కొండెక్కాడు, గుడ్డ కట్టాడు, పండు తెచ్చాడు. అదే ఏటి ఇసుక, అదే నడక. కొండ మీద మాత్రం ఇప్పుడు పిట్ట పాడితే తల వంచుకుని కూర్చునేవాడు. నేను బడి మాట ఎత్తితే, 'ఈ జువ్వికాపు అయిపోనీప్పా, మెల్లగా చెప్తాను' అనేవాడు. కాపు అయిపోయింది. వానలు పడ్డాయి. ఆ ఏడు ఊళ్ళన్నిటినీ చుట్టబెట్టిన జ్వరం మా వీధికీ వచ్చింది. నేను అవతలి బీటులో ఉన్నాను. నాకు కబురు అంది ఊరు చేరేసరికి ఆయన్ను కాటికి తీసుకుపోయారు కూడా. రేంజరు వీధి చివర గుర్రం దిగి, లోపలికి రాకుండా, చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడని చెప్పారు.

ఆయన బీటు నాకు ఇచ్చారు. మళ్ళీ వేసవి వచ్చింది, జువ్వి కాసింది. నేను మాట ఇచ్చి ఉన్నాను. పండు ఆగిపోతే వదిన ఎందుకని అడుగుతుంది. అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. కాబట్టి నా తలగుడ్డ విప్పి నాలుగు పొదలకు కట్టాను. పిట్టలు అవేనో వాటి పిల్లలో నాకు తెలియదు. అదే గుండు అంచున వాలి, అదే విధంగా నాలుగు దిక్కులూ చూసి పాడేవి. నేను ఒక్కణ్ణే బండ వెనక కూర్చుని వినేవాణ్ణి. అంత మంచి గొంతును అంత అసహ్యించుకుంటూ విన్నవాణ్ణి నేను తప్ప మరొకడు ఉండడు.

రెండు వేసవులు అలా తెచ్చి ఇచ్చాను. వదిన ఇతరుల మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతోంది. నేను దొన్నె ఇస్తే తీసుకుని, పాపను పిలిచి తినిపించి, నాకు మజ్జిగ ఇచ్చేది. ఎక్కువ మాట్లాడేవాళ్ళం కాము.

రెండో వేసవి చివర్లో ఒక రోజు, నేను దొన్నె చాస్తే ఆమె తీసుకోలేదు. రాట్నం ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

'ఇంగ నువ్వు తేవొద్దప్పా.'

'ఏం వదినా? పాపకు మాట...'

'దానికి చెవులు లేవని నాకు అది పాలు తాగేటప్పుడే తెలుసు. నా గుండెకాయ కొట్టుకుంటే చెంప ఆనించి పండుకొనేది, జోల పాడితే పండుకోదు. నేను కన్నతల్లిని, నాకు తెలీకుండా ఎట్ల పోతాది?'

ఆమె దొన్నె వంక చూస్తూనే చెప్పింది.

'ఆయన కొండ దిగి వస్తా ఉంటే ఆ మొగం చూసినావు కదా. మొదటి ఇద్దురూ పోయినాక ఆయన మొగం అట్ల వెలగడం నేను చూళ్ళేదు. రాదు అని చెప్పి దాన్ని యాడ ఆర్పేది? ఏదో ఒక పొద్దు ఆయనే తెలుసుకుంటాడులే అనుకుంటిని. ఆయన పోయినాక నువ్వు తెస్తా ఉంటే, పోనీలే, ఆయన కాళ్ళు ఇంగా కొండ మీదనే తిరగతా ఉండాయి అనుకుంటా ఉంటిని. ఇంగ చాలు. నువ్వు ఎండకు నల్లగా అయిపోతా ఉండావు.'

అన్నకు తెలుసునని నేను అప్పుడు చెప్పాను. కొండ మీద ఆ రోజు సంగతి చెప్పాను. వేలూరు సంగతి చెప్పాను. గజ్జి మందు కాదని చెప్పాను. ఆమె వింటూ వింటూ ఒకచోట నవ్వింది కూడా, ఆయన వినబడిందని కుర్చీలోంచి లేచిపోయిన చోట. ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి.

'డాక్టరమ్మ ఇంగేమన్నా చెప్పిందా?'

బడి సంగతి చెప్పాను. చదవడం, రాయడం, పెదవులు చూసి మాట తెలుసుకోవడం.

అలాంటి బడి ఒకటి లోకంలో ఉందని ఆమెకు తెలియదు. చెవుల సంగతి ఎవరైనా ఒకరు నోరు విప్పి ఉంటే, ఆ మాట వెంటే బడి మాటా వచ్చి ఉండేది. పాప గుమ్మంలో కూర్చుని తెగిన పోగులను ముడివేస్తోంది. పెరిగింది, తొమ్మిదో ఏడు నడుస్తోంది. కూర్చుంటే తల్లి భుజం దాకా వచ్చింది.

'ఎంత ఈడు దాకా చేర్చుకుంటారంట?'

చెప్పాను.

వదిన పిల్ల వంక చూసి, రాట్నం మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే ఉంచింది. నేను లేచి పోలేకపోయాను, కూర్చోలేకపోయాను. పాప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏదో జరిగిందని దానికి తెలిసింది, ఏమిటో అడగడానికి దానికి దారి లేదు. లేచి వచ్చి, నా చేతిలోని దొన్నెలోంచి పండు తీసి, పిట్ట పొడిచిన పక్క పైకి తిప్పి నా నోటి దగ్గర పెట్టింది. తినమని గడ్డం ఊపింది.

తిన్నాను.